సైట్‌లో జనం ఎంతసేపు ఉంటున్నారు: ఏ లెక్క మేలు?

సైట్‌కి వచ్చేవాళ్ల లెక్కలు చూపించే పాత గూగుల్ అనలిటిక్స్ వాడినవాళ్లకు ఈ తిరకాసు ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే ఉంటుంది. ఒక్క పేజీ మీద సగటు సమయం 4 నిమిషాలు అంటుంది. మొత్తం సైట్‌లో సగటు సెషన్ (ఒకసారి వచ్చి వెళ్లేదాకా గడిపింది) మాత్రం ఒకటిన్నర నిమిషం అంటుంది. ఇంట్లో ఉన్నదే గంటయితే వంటింట్లో మూడు గంటలు ఎలా ఉంటారు? ఈ పనికి కొత్తలో నేను సైట్‌లో ఆ లెక్కల కోడ్ తప్పు పెట్టానేమో అని టెన్షన్ పడి ఒక పూటంతా వెతికాను. కోడ్ శుభ్రంగా ఉంది. ఆ రెండు అంకెలూ వేర్వేరు భాగహారాల నుంచి వస్తాయని తర్వాత తెలిసింది.

ఒక వంటల సైట్ అనుకుందాం. ఉదయం పదింటికి ముగ్గురు గోంగూర పచ్చడి పేజీ తెరిచారు. మొదటావిడ 6 నిమిషాలు శ్రద్ధగా చదివి మూసేసింది. రెండో ఆయన 2 నిమిషాలు చూసి, అక్కడి నుంచి ఉలవచారు పేజీకి వెళ్లి, దాన్ని 8 నిమిషాలు చదివి వెళ్లిపోయాడు. మూడో అమ్మాయి ఒక నిమిషం చూసి వేరే ట్యాబ్‌లో ఆఫీసు పనిలో పడింది. 10:25కి తిరిగొచ్చి, ఇంకో వంటకం నొక్కి వెంటనే మూసేసింది. అసలు చదివింది వరుసగా 6, 10, 1 నిమిషాలు.

పాత గూగుల్ అనలిటిక్స్, అంటే యూనివర్సల్ అనలిటిక్స్‌ మామూలు ఖాతాలకు 2023 జూలై 1న ఆగిపోయింది. మనం విడిగా ఈవెంట్లు (నొక్కడం, స్క్రోల్ లాంటి పనుల నమోదు) పెట్టుకుంటే తప్ప, అది ఒక పేజీ తెరిచిన క్షణానికీ తర్వాతి పేజీ తెరిచిన క్షణానికీ మధ్య తేడానే సమయంగా లెక్కేసేది. మొదటావిడకు రెండో పేజీ లేదు కాబట్టి ఆమె 6 నిమిషాలూ సున్నా. రెండో ఆయనకు 2 నిమిషాలు. ఉలవచారు 8 నిమిషాలు గంగలో కలిశాయి. ఒక్క నిమిషమే చదివిన అమ్మాయికి 25 నిమిషాలు! ముగ్గురి సగటు సెషన్ 9 నిమిషాలు. పేజీ సమయానికి వచ్చేసరికి, ఆ పేజీ నుంచే బయటికి పోయినవాళ్లను భాగహారంలోంచి తీసేసేది. అంటే పచ్చడి పేజీకి 27 నిమిషాలను ఇద్దరితోనే భాగించాలి: 13 నిమిషాల 30 సెకన్లు. సెషన్ కన్నా పేజీ పెద్దది కావడం వెనకున్న కథ ఇదే.

దాని స్థానంలో వచ్చిన కొత్త గూగుల్ అనలిటిక్స్, జీఏ4, వేరే దారి పట్టింది. పేజీ తెర మీద ముందు కనిపిస్తున్నంతసేపే గడియారం తిరుగుతుంది. వేరే ట్యాబ్‌కి వెళ్తే ఆగిపోతుంది, పేజీ మూసేటప్పుడు కూడా లెక్క పంపుతుంది. మన ముగ్గురికీ దాదాపు 6, 10, 1 వస్తాయి, సగటు 5 నిమిషాల 40 సెకన్లు. ఈ రెంటిలో ఏది మేలో వేరే చెప్పక్కర్లేదు. అందుకే పాత రిపోర్టు పక్కన కొత్తది పెట్టి 'టైమ్ పడిపోయింది' అని క్లయింట్ కంగారు పడితే, గజాన్నీ మీటరునూ పక్కపక్కన పెట్టి చూస్తున్నారండీ అని చెబుతాను.

జీఏ4లోనూ ఒక ఉచ్చు ఉంది. ఎంగేజ్‌మెంట్ టైమ్, అంటే పేజీ తెర మీద ముందు ఉన్న ఆ సమయం, రెండు రకాలు: యాక్టివ్ యూజర్‌కి ఎంత, సెషన్‌కి ఎంత. పేజీల రిపోర్టులో మామూలుగా కనిపించేది మొదటిది. ఒకాయన వారానికోసారి వచ్చి 2 నిమిషాలు ఉంటాడనుకోండి. 7 రోజుల రిపోర్టులో ఆయన సగటు 2 నిమిషాలు, 28 రోజులదాంట్లో 8 నిమిషాలు. సైట్ ఏమీ బాగుపడలేదు, మనం తేదీలు మార్చాం, అంతే. సెషన్ లెక్కన చూస్తే రెండుసార్లూ 2 నిమిషాలే. నెలనెలా పోల్చాలంటే నా ఓటు సెషన్ అంకెకే. యూజర్ అంకె పనికిరానిదని కాదు. అలవాటుగా వచ్చేవాళ్లు పెరుగుతున్నారా అని చూడాలంటే, తేదీల నిడివి మార్చకుండా, అదే చూడాలి.

ఎక్స్‌ప్లోర్ రిపోర్టుల్లో (జీఏ4లో మనమే తయారు చేసుకునేవి) 'సగటు సెషన్ డ్యూరేషన్' అని పాత పేరుతో ఇంకోటి దొరుకుతుంది. అది మొదటి ఈవెంట్ నుంచి చివరి ఈవెంట్ దాకా గడియారం చూస్తుంది, ట్యాబ్ మరుగున పడి ఉన్నా సరే. ఆఫీసు పనిలో పడిన అమ్మాయికి మళ్లీ 25 నిమిషాలు! నేను దాన్ని డ్యాష్‌బోర్డులోంచి తీసేశాను.

ఎంగేజ్‌మెంట్ రేట్ సంగతి చిన్నది. 10 సెకన్లు దాటినా, రెండు పేజీలు చూసినా, మనం ముఖ్యమని గుర్తుపెట్టిన ఈవెంట్ ఒక్కటి జరిగినా ఆ సెషన్ పాసైనట్టే. పాసైనవాటి శాతం ఎంగేజ్‌మెంట్ రేట్, ఫెయిలైనవాటి శాతం బౌన్స్ రేట్. 11 సెకన్లు ఉన్నవాడికీ 11 నిమిషాలు ఉన్నవాడికీ ఒకే మార్కు. సెట్టింగ్స్‌లో ఆ 10ని 60 దాకా పెంచుకోవచ్చు. పెద్ద వ్యాసాల సైటైతే పెంచడమే మంచిది.

ఇక సగటుతోనే ఒక పేచీ. పదిమంది వచ్చారు, తొమ్మిదిమంది 20 సెకన్లలో పోయారు, ఒకాయన కంప్యూటర్ మీద పేజీ అలాగే ఉంచి టీకి వెళ్లి 25 నిమిషాలకు వచ్చాడు. తెర మీద పేజీ ఉంది కదా, జీఏ4 అదంతా కలిపేస్తుంది. సగటు 2 నిమిషాల 48 సెకన్లు. అంతసేపు ఉన్న మనిషి ఆ పదిమందిలో ఒక్కడూ లేడు! వరుసలో మధ్య మనిషి, అంటే మీడియన్, 20 సెకన్లు. చిన్న సైట్లకు ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. మౌస్ కదిలిందా, స్క్రోల్ చేశారా అని చూస్తూ లెక్కేసే చార్ట్‌బీట్ లాంటివి టీ టైమ్‌ని పట్టుకుంటాయి, కానీ అవి వార్తా సంస్థల స్థాయి సరుకు. మటోమో అనే ఇంకో లెక్కల టూల్ వాడేవాళ్లు హార్ట్‌బీట్ టైమర్ (చివరి పేజీలో గడిపిన సమయాన్నీ లెక్కించే సెట్టింగ్) వేసుకోకపోతే, మొదటావిడ 6 నిమిషాలు మళ్లీ సున్నా అవుతాయని గుర్తుంచుకోవాలి.

అసలు ఎక్కువ టైమ్ మంచిదేనా? వ్యాసానికి మంచిదే, దాని పక్కన స్క్రోల్ కూడా చూస్తాను. జీఏ4 తనంతట తాను పేజీలో 90 శాతం దిగినప్పుడే స్క్రోల్ ఈవెంట్ పంపుతుంది కాబట్టి, ఆ అంకె చిన్నగా ఉంటే భయపడను. అదే పచ్చళ్లు అమ్మే సైట్‌లో కొరియర్ చార్జీల పేజీ మీద జనం 3 నిమిషాలు ఉంటున్నారంటే, వాళ్లకు చార్జీ దొరకడం లేదని అర్థం. అక్కడ 20 సెకన్లే నాకు సంతోషం.

వంటల పేజీ ఇంకా విచిత్రం. ఫోన్ స్టవ్ పక్కన పెట్టుకుని చేసేవాళ్లకు, తాలింపు వేగేలోపు స్క్రీన్ ఆరిపోతుంది, లెక్కా అక్కడితో ఆగిపోతుంది. నూనె చేతులతో మళ్లీ తట్టి లేపితే మళ్లీ మొదలు. అరగంట దాటి లేపితే ఇంకో సెషన్. వంట నిజంగా చేసినావిడ రిపోర్టులో రెండు మూడు పొట్టి సెషన్లుగా ముక్కలై కనిపిస్తుంది. అందుకని ఆ పేజీలకు మాత్రం నేను సెషన్ అంకెను పక్కన పెట్టి యూజర్ అంకె చూస్తాను.