ఆర్ఎస్-11లో లోక్‌సౌండ్ 5: చాలాకాలం నడిపాక

కాజీపేట, గుత్తి డీజిల్ షెడ్ల దగ్గర పెరిగినవాళ్లకి డబ్ల్యూడీఎం-2 డీజిల్ లోకో చప్పుడు గురించి చెప్పక్కర్లేదు. అందులో ఉన్నది అమెరికా కంపెనీ ఆల్కో వాళ్ల 251 ఇంజన్. అమెరికాలో 1950ల నాటి ఆర్ఎస్-11 లోకోలోనూ అదే కుటుంబం. డబ్ల్యూడీఎం-2లో 16 సిలిండర్లు, ఆర్ఎస్-11లో 12. ఐడిల్‌లో తడబడుతున్నట్టుండే ఆ శబ్దం కోసమే మామూలు డీసీ కరెంటుతో నడిచే నా పాత ఆర్ఎస్-11 బొమ్మ మోడల్‌లో (హెచ్ఓ, అంటే అసలులో 87వ వంతు సైజు) ఈఎస్‌యూ కంపెనీ వాళ్ల లోక్‌సౌండ్ 5 పెట్టాను. ఇది సౌండ్ డికోడర్, అంటే కంట్రోలర్ నుంచి పట్టాల ద్వారా వచ్చే డిజిటల్ ఆదేశాలతో మోటార్‌నీ శబ్దాన్నీ నడిపే చిన్న సర్క్యూట్. కొన్నేళ్లుగా నడుస్తోంది.

ఆల్కో సౌండ్ ఫైల్ కంపెనీ సైట్‌లో ఉచితమే. దాన్ని డికోడర్‌లోకి ఎక్కించడానికి లోక్‌ప్రోగ్రామర్ అనే పరికరం మాత్రం విడిగా కొనాలి. ఒక్క లోకో కోసమైతే అది దండగ, అమ్మే షాపు వాళ్లనే ఎక్కించి ఇమ్మనండి. లోక్‌ప్రోగ్రామర్ లేకుండా హారన్, బెల్ వాల్యూమ్‌లు విడివిడిగా సరిచేయాలంటే ముందు సీవీ (డికోడర్‌లో నంబరుతో ఉండే సెట్టింగ్) 31, 32 సెట్ చేశాకే అసలు సీవీ జోలికి వెళ్లాలి. ఓపిక కావాలి.

నాకు బాగా నచ్చింది డ్రైవ్ హోల్డ్ అనే సదుపాయం. నా ఫైల్‌లో అది కంట్రోలర్ మీది ఎఫ్9 బటన్‌కి ఉంది. గూడ్స్ ఎత్తు ఎక్కుతుండగా అది నొక్కి థ్రాటిల్ పెంచితే వేగం మారదు, ఇంజన్ మాత్రం మోత పెంచి గుంజుకుంటూ పోతుంది. ఎత్తు దాటాక థ్రాటిల్ దించితే ఇంజన్ ఐడిల్‌కి పడిపోతుంది, బండి అదే వేగంతో దొర్లుకుంటూ పోతుంది. దీనికి అలవాటుపడ్డాక మామూలు సౌండ్ బొమ్మరైలులా అనిపిస్తుంది.

అసలు తేడా తెచ్చేది డికోడర్ కన్నా స్పీకర్. 11×15 మిల్లీమీటర్ల షుగర్ క్యూబ్ రకం చిన్న స్పీకర్ చాలు, కానీ దాని వెనక డబ్బా గాలి చొరబడకుండా మూసుకోవాలి. లేదంటే వెనక నుంచి వచ్చే శబ్దం ముందుదాన్ని చంపేస్తుంది, మిగిలేది కీచుగొంతే. వైర్లు బయటికొచ్చే కంతను కూడా జిగురుతో పూడ్చండి. ఆ తర్వాత సీవీ 63లో మొత్తం వాల్యూమ్ తగ్గించండి. ఫ్యాక్టరీ సెట్టింగ్ గదిలో చెవులు చిల్లులు పడేలా ఉంటుంది.

వైరింగ్‌కి పెద్ద కథ లేదు. డికోడర్ వైర్లలో ఎరుపు, నలుపు పట్టాల నుంచి. ఆరెంజ్, గ్రే మోటార్‌కి. పాత డీసీ లోకోల్లో మోటార్ బ్రష్ ఫ్రేమ్‌ని తాకుతూ ఉండొచ్చు. పవర్ ఇచ్చే ముందు మల్టీమీటర్‌తో చూసి, తాకే చోట కరెంటు పారనివ్వని కాప్టన్ టేప్ వేయాలి. డికోడర్ కాలిపోవడానికి ఆ తాకడం ఒక్కటి చాలు. అంతా బిగించాక సీవీ 54లో 0 రాసి ఎఫ్1 నొక్కితే మోటార్ ట్యూనింగ్ అదే చేసుకుంటుంది. అప్పుడు లోకో ఒక్కసారిగా దూసుకెళ్తుంది కాబట్టి ముందు పట్టాలు ఖాళీగా ఉంచండి.

పవర్‌ప్యాక్ (పట్టాల నుంచి కరెంటు క్షణం తెగినా డికోడర్‌ని నడిపే చిన్న కరెంటు నిల్వ) ఖర్చుకి వెనకాడొద్దు. పట్టాల మీద కాస్త మురికి ఉంటే లైట్ మిణుకుమంటే సరిపెట్టుకుంటాం; ఇంజన్ ఆగి మళ్లీ స్టార్టయిన చప్పుడు వింటే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. చిన్న షంటర్లలో (యార్డులో బోగీలు మార్చే లోకోల్లో) ఇవన్నీ పట్టవు. మైక్రో రకం డికోడర్ దొరుకుతుంది గానీ, స్పీకర్‌కి చోటు లేనప్పుడు దానివల్ల ఒరిగేదేం లేదు. వాటికి సౌండ్ లేని మామూలు డికోడర్ పెట్టి, మిగిలిన డబ్బు పెద్ద లోకో స్పీకర్ మీద పెట్టడం మేలు.