మణికొండ నుంచి రాయదుర్గం: మూడున్నరేళ్ల సైకిల్ ప్రయాణం తర్వాత

2022లో ఆఫీసుకు మళ్లీ రమ్మన్నప్పుడు కొన్న సైకిల్ ఇది. ఏడు గేర్ల హైబ్రిడ్ (మామూలు రోడ్డుకూ గతుకులకూ పనికొచ్చే రకం), అప్పట్లో 18 వేలు. హైదరాబాద్‌లో మణికొండ నుంచి ఖాజాగూడ, బయోడైవర్సిటీ జంక్షన్ మీదుగా రాయదుర్గం, పోను 7 కిలోమీటర్లు, రాను 7, వారానికి నాలుగు రోజులు. మీటరు 9 వేల కిలోమీటర్లు దాటింది. కొనేముందు నేను చదివిన రివ్యూలన్నీ మొదటి వారంలో రాసినవే, అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

సైకిల్ బాగుంది. గేర్లు అనవసరం అనేవాళ్ల మాట వినకండి, రాళ్ల గుట్టల మీద పుట్టిన ఊరు మనది, ఖాజాగూడ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న గేరు లేకపోతే చెమటతో తడిసి ఆఫీసుకు చేరాలి. ఏడాదిన్నరకు వెనక చక్రం పుల్లలు రెండు విరిగాయి, లాప్‌టాప్ బరువంతా వెనక క్యారియర్ మీద వేయడం వల్లేనని మెకానిక్ చెప్పాడు. చైను ఒకసారి, వెనక టైరు రెండుసార్లు మార్చాను. వాన పడిన రోజు ఇంటికి రాగానే చైను తుడిచి ఆయిల్ వేస్తే చాలు, లేకపోతే రెండు రోజుల్లో కిర్రుమంటుంది. ఇంకో ముఖ్యమైన విషయం: కంపెనీ నుంచి వచ్చిన ట్యూబులకు సన్న వాల్వ్ ఉండేది, ఒకసారి గాలి దిగిపోతే దారిలో ఏ పంక్చర్ షాపులోనూ కొట్టలేకపోయారు, 3 కిలోమీటర్లు నెట్టుకుంటూ వచ్చాను. తర్వాత బైకులకు ఉండే లావు వాల్వ్ ట్యూబులు వేయించాను, ఇప్పుడు పెట్రోల్ బంకులో కూడా గాలి పడుతుంది. మడ్‌గార్డులు మాత్రం మొదటి రోజే పెట్టించుకోండి.

టైమ్ ఎంత అని అందరూ అడుగుతారు. అరగంట. సాయంత్రం ఆరు గంటలకు కారులో వచ్చిన రోజు ఒక్కసారి కూడా అంతలో ఇల్లు చేరలేదు.

ఇక రోడ్డు. ఎండకు భయపడతారు గానీ పొద్దున ఏడింటికి బయలుదేరితే మే నెలలో కూడా తొక్కవచ్చు. నాకు ఇప్పటికీ టెన్షన్ పెట్టేది జంక్షన్లే. నేను నేరుగా వెళ్లాలి, ఎడమ అంచున ఉంటాను, వెనక నుంచి వచ్చే కారు ఫ్రీ లెఫ్ట్ (సిగ్నల్ కోసం ఆగక్కర్లేని ఎడమ మలుపు) కోసం నా ముందు నుంచే కోసుకుని తిరుగుతుంది. రెండుసార్లు పడ్డాను, ఒకసారి మోచేయి చర్మం లేచిపోయింది. అప్పటి నుంచి జంక్షన్ రావడానికి ముందే చెయ్యి చూపించి ఒక లైను లోపలికి జరుగుతున్నాను, హారన్ కొట్టినా సరే. చక్రం వెళ్లే దిశలోనే సందులున్న డ్రైనేజీ జాలీలు ఇంకో ప్రమాదం, వాన నీళ్లలో కనిపించవు, సన్న టైరు అందులో దిగితే మనిషి హ్యాండిల్ మీద నుంచి ఎగిరి పడతాడు.

2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు ట్రాక్ ప్రారంభమైనప్పుడు నేను చాలా సంతోషించాను, మొదటి ఆదివారమే వెళ్లాను. మొత్తం 23 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి టీఎస్‌పీఏ (పోలీసు అకాడమీ) దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి, వెడల్పు నాలుగున్నర మీటర్లు, పైన 16 మెగావాట్ల సోలార్ పలకలు. మా పాప సైడ్ చక్రాలు తీసేసి తొక్కడం నేర్చుకుంది అక్కడే. పిల్లలతో, పెద్దవాళ్లతో తప్పకుండా వెళ్లండి. కానీ అది నా ఇంటినీ ఆఫీసునీ కలపదు. నానక్‌రామ్‌గూడ చివర ట్రాక్ దిగిన తర్వాత రాయదుర్గం చేరడానికి మళ్లీ ఆ మామూలు రోడ్లే.

మా ఆఫీసు పక్క బిల్డింగులో వాచ్‌మన్ ఒకాయన రోజూ నాలాగే మణికొండ నుంచి వస్తాడు, గేర్లు లేని పాత సైకిల్, లైటు లేదు, హెల్మెట్ లేదు. ట్రాక్ చూశావా అన్నా అని అడిగితే, "గా నీడ కింద తొక్కడానికి నాకు టైమ్ యాడుంది సార్, నా డ్యూటీ ఈడుంది కదా" అన్నాడు. ఈ ఊళ్లో రోజూ సైకిల్ తొక్కేవాళ్లంటే నాకు గుర్తొచ్చేది ఆయనే, పాలవాళ్లు, పేపర్ కుర్రాళ్లు, హోటల్‌లో వంటకు వెళ్లేవాళ్లు. వాళ్లు తొక్కే చోట గీతైనా లేదు.

నేను కోరేది పెద్ద ట్రాక్ కాదు. ఖాజాగూడ నుంచి బయోడైవర్సిటీ దాకా ఎడమవైపు రెండు మీటర్లు, కార్లు పార్కు చేయకుండా పొట్టి స్తంభాలు, ఫ్రీ లెఫ్ట్ దగ్గర వాహనాలు నెమ్మదించేలా ఒక ఎత్తు గీత, జాలీలు అడ్డంగా తిప్పి వేయడం. అప్పటి దాకా కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వెనక ఎర్ర లైటు పగలు కూడా వేసుకోండి. 300 రూపాయల లోపే వస్తుంది. పోయిన నెల రెండు కొన్నాను, ఒకటి ఆ వాచ్‌మన్ సైకిల్‌కు బిగించాం, సాయంత్రం ఖాజాగూడ ఎత్తు మీద ఆయన ఎంత ముందున్నాడో నాకు ఇప్పుడు దూరం నుంచే కనిపిస్తోంది.