ఎగ్జాస్ట్ పోర్టు ఎత్తు పెంచకుండా వెడల్పు చేసిన స్కూటర్ సిలిండర్: చాలాకాలం వాడాక నా మాట

ముందు మూడో గేరు గురించే చెప్పాలి. వెనక మనిషి కూర్చుని ఉండగా ఎత్తు ఎక్కాలంటే ఇంతకుముందు సగం దూరంలోనే రెండో గేరుకి దిగాల్సి వచ్చేది. ఇప్పుడు అదే ఎత్తుని మూడో గేరులోనే, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పకుండానే లాగేస్తోంది. ఇంజన్ పాతదే, 57 మి.మీ. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం), 57 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉన్న 145 సీసీ టూ స్ట్రోక్. సైలెన్సర్, కార్బ్యురేటర్ కూడా మార్చలేదు. మారినవి పోర్టులు, అంటే సిలిండర్ గోడలో మిశ్రమం, పొగ వచ్చిపోయే రంధ్రాలు, వాటికి తగ్గట్టు కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వదిలే మెయిన్ జెట్, అంతే.

పవర్ కావాలనగానే చాలామంది పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టు పై అంచు అరగదీయించి ఎత్తు పెంచుతారు. ఈ స్ట్రోక్‌కి ఒక్క మిల్లీమీటర్ పెంచినా పోర్టు తెరుచుకుని ఉండే కాలం క్రాంక్ తిరిగే కోణంలో సుమారు 4 డిగ్రీలు పెరుగుతుంది. అలా వచ్చే బలమంతా పై ఆర్‌పీఎంలో ఉంటుంది, కింద మాత్రం ఇంజన్ చప్పబడుతుంది, నాలుగు గేర్ల స్కూటర్‌లో గేరు మార్చిన ప్రతిసారీ ఆ బలం అందకుండా పోతుంది. అందుకే పోర్టు ఎత్తు జోలికి వెళ్లనివ్వలేదు. వెడల్పు పెంచాం, అదీ బోర్‌లో 65 శాతం, అంటే 37 మి.మీ. దాటకుండా. అంతకు మించితే పిస్టన్ రింగు పోర్టులోకి ఉబ్బి అంచుకి తగులుకునే ప్రమాదం ఉంది. అసలు తేడా, కింద నుంచి మిశ్రమాన్ని సిలిండర్‌లోకి పంపే ట్రాన్స్‌ఫర్ పోర్టుల దగ్గరే వచ్చిందని నా నమ్మకం. సిలిండర్ అడుగున ఆ దారులు, క్రాంక్‌కేస్‌లోని (పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గదిలోని) దారులు సరిగ్గా కలవక మధ్యలో మెట్టులా ఉండేది, గాస్కెట్‌ని కొలతగా పెట్టుకుని రెండింటినీ సమం చేశాం. బయటికి కనపడని పని, కానీ దీని మీద ఎంత శ్రద్ధ పెడితే అంత ఫలితం.

ఇక మధ్యలో ఒకసారి ఇంజన్ పట్టేసిన, అంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయిన సంగతి. దానికి చాలా ముందే ఒక సూచన కనపడింది. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ వెంటనే స్లో అవకుండా కాసేపు గట్టిగానే తిరిగేది. చూపిస్తే మెకానిక్ స్లో స్క్రూ తగ్గించి పంపేశాడు. స్పార్క్ ప్లగ్ విప్పితే గోధుమ రంగు పోయి తెల్లగా కనపడటం మొదలైంది, మిశ్రమంలో పెట్రోల్ తగ్గిందనడానికి అది గుర్తు. తర్వాత ఒక మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో పోతుంటే ఎవరో వెనక నుంచి బ్రేకు పట్టినట్టు బండి బరువెక్కింది, వెంటనే క్లచ్ నొక్కి పక్కకి తీసుకున్నాను. చల్లారాక కిక్ కదిలింది, స్టార్ట్ కూడా అయింది. ఇంటికొచ్చి విప్పితే ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ అల్యూమినియం సిలిండర్ గోడకి చారలుగా అంటుకుని ఉంది.

చూసినవాళ్లందరూ పోర్టు వెడల్పు చేయడం వల్లే అన్నారు. నాకు అది చాలా కోపం తెప్పించింది, ఎందుకంటే రింగుల అంచులు శుభ్రంగా ఉన్నాయి, పోర్టు అంచు మీద ఒక్క గీత లేదు. రింగు తగులుకుని ఉంటే మొదట దెబ్బతినేది అక్కడే. క్రాంక్ ఒక చివరన కరెంటు పుట్టించే మాగ్నెట్ విప్పాక అసలు విషయం బయటపడింది, లోపలి ప్లేటు అంతా ఆయిల్‌తో తడిగా ఉంది. ఆ వైపు క్రాంక్ చుట్టూ గాలి, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ఆయిల్ సీల్ గట్టిపడి పాడైపోయింది. టూ స్ట్రోక్‌లో క్రాంక్‌కేస్ కూడా పంపులా పనిచేస్తుంది కాబట్టి పిస్టన్ పైకి వెళ్లినప్పుడల్లా ఆ సందులోంచి బయటి గాలి లోపలికొచ్చేది, జెట్ ఎంత పెద్దది వేసినా మిశ్రమంలో పెట్రోల్ పాలు తగ్గి పలచబడిపోయేది. రెండు వైపులా కొత్త సీళ్లు వేసి, పోర్టులు మూసి 6 పీఎస్ఐ ఒత్తిడితో గాలి పెట్టి నిలుస్తోందని చూసుకున్నాకే ఇంజన్ బిగించాం. సిలిండర్‌కి హోనింగ్ (లోపలి గోడని సన్నగా రుద్ది సరిచేయడం) సరిపోయింది, పిస్టన్ మాత్రం కొత్తది. ఇప్పుడు యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్ వెంటనే స్లో అవుతుంది.

సీల్ పోవడానికి ఈ పోర్టుల పనితో సంబంధం లేదు. అయితే కంపెనీ సిలిండర్ ఇలాంటి లోపాన్ని ఇంకొంతకాలం ఓర్చుకునేదేమో, ఎక్కువ లాగే సిలిండర్‌లో వేడి ఎక్కువ, ఆ వెసులుబాటు తక్కువ.

మైలేజీ తగ్గదని మొదట్లో అడిగినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. నెమ్మదిగా నడిపితే నిజమే, కానీ ఈ పికప్ చేతిలో ఉంటే నెమ్మదిగా నడపడం కష్టం, కాబట్టి కొంత తగ్గుతుందనే అనుకోండి. టాప్ స్పీడ్‌లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పాత క్లచ్ ప్లేట్లు ఎత్తుల మీద జారడం మొదలుపెట్టాయి, ప్లేట్లతో పాటు స్ప్రింగులూ మార్చాక సర్దుకుంది.

నేను తిరిగేది ఎక్కువగా ఎత్తుపల్లాల దారి, వెనక దాదాపు ఎప్పుడూ ఒక మనిషి ఉంటారు, ప్లగ్ రంగు చూసుకునే ఓపిక నాకుంది. అందుకే ఈ సిలిండర్ నాకు బాగా కుదిరింది. చదును రోడ్ల మీద ఒంటరిగా తిరిగేవాళ్లకి ఇంత తేడా తెలియకపోవచ్చు, వాళ్లు ముందు సీళ్లు మార్పించి జెట్ సరిచేయించుకుని చూడటం మంచిది. పోర్టుల పని చేయించుకున్నవాళ్లు మాత్రం రీబోర్‌కి (అరిగిన సిలిండర్ లోపలి వ్యాసం పెంచడానికి) ఇచ్చినప్పుడు ఒకటి గుర్తు చేయాలి: బోర్ పెద్దదవగానే పోర్టుల అంచులు మళ్లీ పదునెక్కుతాయి, పిస్టన్ వేసే ముందు వాటిని తిరిగి నున్నగా ఏటవాలు చేయించాలి.