నేల తేమకు ఏది మేలు: రేడియోమీటరా, థర్మలా, రాడారా?

శాటిలైట్ డేటాతో నేల తేమ చూడాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది పిక్సెల్ ఎన్ని మీటర్లని. కిలోమీటరు కంటే వంద మీటర్లు మేలు, ఇరవై అయితే ఇంకా మేలు అనుకుంటారు. నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను. మీకు కావాల్సింది తేమ ఇంత ఉందని చెప్పే అంకా, లేక పోయినవారం కంటే పెరిగిందా తగ్గిందా అన్న కబురా? ఈ రెండింటికీ ఒకే డేటా పనికిరాదు.

అంకె కావాలంటే రేడియోమీటరుకు సాటి లేదు. యూరప్ 2009 నవంబరులో పంపిన స్మాస్, నాసా 2015 జనవరి 31న పంపిన స్మాప్ శాటిలైట్లు రెండూ ఈ బాపతువే. ఇవి నేల తనంత తాను వెలువరించే మైక్రోవేవ్‌ను ఎల్-బ్యాండ్‌లో, అంటే సుమారు 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో పట్టుకుంటాయి. మైక్రోవేవ్‌కు ఒక పదార్థం ఎలా స్పందిస్తుందో చెప్పే అంకెను డైఎలెక్ట్రిక్ స్థిరాంకం అంటారు. ఎండు మట్టికి అది మూడు, నాలుగు ఉంటుంది. నీటిది 80 దాకా ఉంటుంది. ఇంత తేడా ఉంది కాబట్టే మట్టిలో కాస్త తడి చేరినా సిగ్నల్‌లో తెలిసిపోతుంది. స్మాప్ పెట్టుకున్న లక్ష్యం, మట్టి ఘనపరిమాణంలో నీటి వాటా లెక్కన 0.04 కంటే తక్కువ తప్పు. పైనున్న ఐదు సెంటీమీటర్ల మట్టికి లెక్కేస్తే అది 2 మిల్లీమీటర్ల నీరు. ఆకాశం నుంచి కొలిచినదానికి ఇది గొప్ప మాటే.

చిక్కల్లా వైశాల్యంతోనే. స్మాప్ ఒక్క చూపు దాదాపు 40 కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. 36 కిలోమీటర్ల గ్రిడ్‌లో ఒక గడి అంటే 1,296 చదరపు కిలోమీటర్లు. చుట్టూ బెట్టలో ఉన్న నేల మధ్య పది ఎకరాలకు తడి పెట్టినా ఆ గడిలో చలనం కనిపించదు. 9 కిలోమీటర్ల వెర్షన్ కూడా దొరుకుతుంది కానీ, దాన్ని చూసి మురిసిపోనక్కర్లేదు. ఒకదానిమీద ఒకటి పడే కొలతల్ని గణితంతో సర్ది చేసింది అది. చూపు సన్నబడటానికి స్మాప్‌లోనే ఒక రాడార్ పెట్టారు. ప్రయోగించి ఐదు నెలలు దాటగానే, 2015 జులై 7న అది ఆగిపోయింది.

ఇక థర్మల్ దారి. తడి నేల నీటిని ఆవిరి చేస్తూ చల్లగా ఉంటుంది, ఎండు నేల మధ్యాహ్నానికి కాలిపోతుంది. నాసా శాటిలైట్ల మీదున్న మోడిస్ సెన్సార్ కిలోమీటరు స్థాయిలో ఇచ్చే ఉపరితల ఉష్ణోగ్రతనూ పచ్చదనం సూచికనూ జతచేసి, రేడియోమీటరు ఇచ్చిన పెద్ద గడిలోని తేమను చిన్న గడులకు పంచుతారు. అమెరికా ల్యాండ్‌శాట్ శాటిలైట్ల థర్మల్‌తో అయితే వంద మీటర్ల దాకా దిగొచ్చు. కాకపోతే ఒక్కో ల్యాండ్‌శాట్ మళ్లీ అదే చోటికి రావడానికి 16 రోజులు పడుతుంది. పొడి వాతావరణం, నిర్మలమైన ఆకాశం ఉన్నచోట ఈ పద్ధతి భలే పనిచేస్తుంది. మబ్బు పడితే మాత్రం చేతులెత్తేస్తుంది. వానాకాలంలోనే కదా తేమ గురించి ఎక్కువ టెన్షన్, సరిగ్గా అప్పుడే డేటా ఉండదు. గాలిలోనే తేమ నిండిన చోట నేల ఎంత తడిగా ఉన్నా ఆవిరి పెద్దగా పెరగదు, అందుకని ఉష్ణోగ్రతకూ తేమకూ లంకె తెగిపోతుంది.

రాడార్ తానే తరంగం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని కొలుస్తుంది. దానికి మబ్బు అడ్డు కాదు, రాత్రీపగలూ తేడా లేదు. యూరప్ రాడార్ శాటిలైట్ సెంటినెల్-1 చిత్రం సుమారు 20 మీటర్ల వివరంతో వస్తుంది. కానీ ఆ 20 మీటర్లను తేమ లెక్కకు నేరుగా వాడితే దెబ్బతింటారు. రాడార్ చిత్రంలో స్పెకిల్ అనే చుక్కల గోల ఉంటుంది, సగటు తీస్తే గానీ అది అణగదు. అందుకే తేమ డేటాను వంద మీటర్లకో, కిలోమీటరుకో పెంచి ఇస్తారు.

గోల సంగతి అలా ఉంచి, దుక్కి సంగతి చూడండి. చదునుగా ఉన్న నేలను దున్నగానే బెడ్డలు లేస్తాయి. చుక్క వాన పడకపోయినా రాడార్‌కు తిరిగొచ్చే ప్రతిధ్వని బలపడుతుంది. లెక్కగట్టే ప్రోగ్రామ్ దాన్ని తేమ పెరిగినట్టు రాసేస్తుంది. పైరు ఎదిగాక ఇంకో తంటా. సెంటినెల్ వాడే సి-బ్యాండ్ తరంగం 5.6 సెంటీమీటర్లే కాబట్టి దట్టమైన ఆకుల్లోనే చాలావరకు చిక్కుకుపోతుంది.

అయినా మార్పు పట్టాలంటే నా ఓటు రాడార్‌కే. ఒకే చోట కొన్నేళ్ల ప్రతిధ్వనుల్లో అతి పొడిని సున్నాగా, అతి తడిని వందగా పెట్టుకుని ఇవాళ్టిది వాటి మధ్య ఎక్కడుందో చూస్తే, మట్టి రకం లాంటి మారని తేడాలు చాలావరకు పక్కకు పోతాయి. వచ్చేది శాతం మాత్రమే, ఘనపరిమాణంలో అంకె కాదు. ఒక పొలానికి తడి అందిందా లేదా అన్న ప్రశ్నకు ఆ శాతం చాలు.

రెంటినీ కలిపినదీ ఉంది. తన రాడార్ పోయాక స్మాప్ కొలతకు సెంటినెల్-1ను జోడించి 3, 1 కిలోమీటర్ల డేటా ఇస్తున్నారు. అంకెలు నమ్మదగ్గవే గానీ, రెండు శాటిలైట్లూ దగ్గర దగ్గర వేళల్లో అదే చోటు చూస్తేనే గడి నిండుతుంది కాబట్టి రోజువారీ పనికి ఆనదు. జిల్లా అంత మేర కరవు చూడాలంటే నేను దీని జోలికి పోను, రేడియోమీటరు ఒక్కటే చాలు. రెండు మూడు రోజులకోసారి వస్తుంది, పైగా ఏళ్ల తరబడి వరుస ఉంది.

నాకు ఆసక్తిగా ఉన్నది 2025 జులై 30న ఇస్రో, నాసా కలిసి పంపిన నైసార్ శాటిలైట్. అందులో ఎల్-బ్యాండ్ రాడార్ ఉంది. తరంగం దాదాపు 24 సెంటీమీటర్లు, పైరులోంచి సి-బ్యాండ్ కంటే బాగా దూరుతుంది. తేమను 200 మీటర్ల గ్రిడ్‌లో ఇవ్వాలన్నది ప్రణాళిక. బెడ్డల బెడద దీనికీ తప్పదు. పైగా ఒకే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు. మధ్యలో వాన పడి ఆరిపోతే దీని కంట పడకపోవచ్చు.

వేళ్ల దగ్గర తేమ ఎంతో తెలియాలనుకునేవాళ్లకు మాత్రం పై వాటిలో ఏదీ నేరుగా పనికిరాదు. ఇవి చూసేది పైపొరనే. స్మాప్ డేటాను నేల మోడల్‌కు ఎక్కించి మీటరు లోతు దాకా అంచనా కట్టే ఉత్పత్తి ఒకటి ఉంది, అదీ 9 కిలోమీటర్ల గడుల్లోనే. పొలం స్థాయిలో ఆ లోతు కావాలంటే మట్టిలో సెన్సార్ దించాల్సిందే.