బండీపుర, ముదుమలై, ఊటీ: నాయనతో నాలుగు రోజుల కారు ప్రయాణం

నంజనగూడులో శ్రీకంఠేశ్వరుడి దర్శనం చేసుకుని గుండ్లుపేట చేరేసరికి సాయంత్రం నాలుగున్నర అయింది. అప్పుడు గానీ నా టెన్షన్ తగ్గలేదు. గుండ్లుపేట దాటాక వచ్చే బండీపుర అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రోడ్డు మూసేస్తారు. 2009 నుంచీ ఇదే పద్ధతి. మన శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు మూసినట్టే అనుకోండి. బెంగళూరు ట్రాఫిక్‌లో రెండు గంటలు పోయినా ఇబ్బంది పడకూడదంటే పొద్దున్నే బయల్దేరాలి. అందుకే మేం పలమనేరులో ఐదింటికే కారెక్కాం.

2025 ఆగస్టులో నేను, నా భార్య, పదేళ్ల పాప, అమ్మ, నాయన వెళ్లాం. మొదట మూడు రాత్రులూ ఊటీలోనే అనుకున్నాను. నాయన ఒప్పుకోలేదు. "ఊటీలో ఏముందిరా, అడవి దగ్గర ఉందాం" అన్నాడు. ఆ మాట విని రెండు రాత్రులు అడవి అంచున, ఒక్క రాత్రి కొండ మీద పెట్టుకున్నాం. ఈ దారిలో వెళ్లే ఎవరికైనా నేను ఇదే చెబుతాను.

గుండ్లుపేటలోనే పెట్రోలు నింపుకోండి, డబ్బులు తీసుకోండి. తర్వాత అడవిలో ఫోను సిగ్నల్ సరిగా ఉండదు. ఇక్కడే రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి సుల్తాన్ బత్తేరి మీదుగా వయనాడ్‌కు, ఇంకోటి బండీపుర మీదుగా ఊటీకి.

మొదటి రాత్రి బండీపురలో అటవీశాఖ గది. మంచం, దుప్పటి, వేడినీళ్లు, అంతే. టీవీ లేదు, కావాలనిపించలేదు కూడా. చీకటి పడ్డాక కిటికీ బయట దుప్పుల గుంపు మేస్తూ కనిపించింది. పాప నిద్రపోనంది. పక్కన ప్రైవేటు రిసార్టుల్లోనూ, కర్ణాటక ప్రభుత్వ జంగిల్ లాడ్జెస్‌లోనూ భోజనం, సఫారీ కలిపి ప్యాకేజీ ఇస్తారు. ఐదుగురికి లెక్కేస్తే అది మాకు అందలేదు.

తెల్లవారుజామున మొదటి సఫారీకే వెళ్లాలి. బస్సుకు టికెట్టు తక్కువ, జీపుకు ఎక్కువ. పెద్దవాళ్లతో వెళితే బస్సే నయం, ఎక్కి కూర్చోవడం సులువు. మాకు పులి కనిపించలేదు. అడవిదున్నలు, కణితులు, దూరంగా ఐదు రేచుకుక్కలు కనిపించాయి. వానాకాలంలో అడవి పచ్చగా ఉంటుంది గానీ జంతువులు దొరకవు. మార్చి, ఏప్రిల్‌లో గడ్డి ఎండి జంతువులు నీటికుంటల దగ్గరికి వస్తాయి. జంతువులే కావాలంటే అప్పుడు వెళ్లండి, ఎండకు సిద్ధపడి. ఇంకో సంగతి నన్ను బాధపెట్టింది. రోడ్డుకు రెండు పక్కలా లాంటానా పొదలు గోడ కట్టినట్టు పెరిగిపోయాయి. దాన్ని జింకలు తినవు, దాని కింద గడ్డి మొలవదు. మేత లేక జంతువులు చేలల్లోకి రాక ఎక్కడికి పోతాయి?

మేం వచ్చిన మూడు నెలలకు, నవంబరులో, పులి దాడుల్లో మనుషులు చనిపోయాక కర్ణాటక ప్రభుత్వం బండీపుర, నాగరహొళెలలో సఫారీలు ఆపేసింది. ఆ వార్త చదివి నాయన "మంచి పని" అన్నాడు. కాబట్టి గది బుక్ చేసే ముందే సఫారీ నడుస్తోందో లేదో కనుక్కోండి.

సఫారీ అయ్యాక హిమవద్ గోపాలస్వామి బెట్టకు వెళ్లాం. సొంత వాహనాలు కొండ కిందే ఆపాలి. పైకి ప్రభుత్వ బస్సు తీసుకెళుతుంది. పైన వేణుగోపాలస్వామి గుడి, చుట్టూ మబ్బు. అమ్మకు ఈ యాత్ర మొత్తంలో ఇదే నచ్చింది.

కక్కనహళ్ల చెక్‌పోస్టు దగ్గర తమిళనాడు మొదలవుతుంది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి నీలగిరికి వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి. ఇంట్లోనే తీసుకుని పెట్టుకోండి. చిన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కూడా నిషేధం. మేం స్టీలు సీసాలు తీసుకెళ్లాం.

సాయంత్రం ముదుమలై అడవిలోని తెప్పకాడు ఏనుగుల శిబిరానికి చేరాం. మోయార్ నది పక్కన ఏనుగులు వరుసగా నిలబడ్డాయి. రాగిసంగటి, ఉలవలు, బెల్లం కలిపి పెద్దపెద్ద ముద్దలు చేసి మావటీలు నోట్లో పెడుతున్నారు. నాయన కమ్మీ పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. మా ఊరు కౌండిన్య అడవికి దగ్గర. వరి కోతకొచ్చే వేళ ఏనుగులు వచ్చి ఒక్క రాత్రిలో మడి మొత్తం తొక్కేసిన సంవత్సరాలు ఉన్నాయి. టపాసులు కాల్చి, డబ్బాలు కొట్టి తరమడమే గానీ, పగటి వెలుగులో ఆయన ఏనుగును ఇంత సేపు చూసింది లేదు. మా వైపు ఏనుగులను మళ్లించేందుకు 2025 మేలో కర్ణాటక నుంచి నాలుగు కుంకీ (శిక్షణ ఇచ్చిన) ఏనుగులను ఆంధ్రప్రదేశ్ తెచ్చుకుంది. "అవీ ఇట్లాంటివేనా?" అని అడిగాడు. అవునన్నాను. "సంగటే తింటాయా, మన మాదిరే" అన్నాడు.

రెండో రాత్రి మసినగుడిలో ప్రైవేటు రిసార్టు. గది బాగుంది, చేపల కూర బాగుంది. కానీ భోజనం అయ్యాక మేనేజరు వచ్చి జీపులో రాత్రి అడవి తిప్పుతానన్నాడు. వద్దన్నాను. అది చట్టవిరుద్ధం, పైగా జంతువులకు నరకం. ఈ ప్రాంతం ఏనుగులు నడిచే దారి. ఆ దారిలో ఉన్న రిసార్టులు ఖాళీ చేయాలన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2020లో సమర్థించింది. మీరు బుక్ చేసే చోటు ఆ పరిధిలో ఉందేమో ముందే అడగండి. మేం అడగలేదు, అడగాల్సింది.

మసినగుడి నుంచి ఊటీకి కల్హట్టి ఘాట్‌లో 36 మలుపులు. ఐదుగురితో మా పాత కారు మొదటి గేరులోనే ఎక్కింది. ఈ దారిలో బయటి వాహనాలను పైకి పోనిస్తారు గానీ కిందికి దిగనివ్వరు. బ్రేకులు వేడెక్కి జరిగిన ప్రమాదాలు ఎక్కువ. దిగడానికి గూడలూరు దారి పట్టాలి.

ఊటీ గురించి తక్కువే చెబుతాను. దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్ల ఎత్తు, మాకు మంచు తప్ప ఏమీ కనిపించలేదు. సరస్సు దగ్గర జనం, హారన్లు. 1848లో మొదలైన బొటానికల్ గార్డెన్‌లో మాత్రం అమ్మ రెండు గంటలు తిరిగింది. రాత్రి కూనూరులో ఉండటం మంచిదైంది. గది చిన్నదే, ఎదురుగా టీ తోటలు. మర్నాడు పొద్దున అమ్మ, పాప అక్కడి నుంచి ఊటీకి బొమ్మరైలులో వచ్చారు, నేను కారు తెచ్చాను. ఆ రైలు 2005 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. టికెట్లు చాలా ముందే అయిపోతాయి.

తిరుగు ప్రయాణంలో పైకారా సరస్సు, గూడలూరు మీదుగా దిగి మళ్లీ ముదుమలై చేరేసరికి ఐదు దాటింది. తెప్పకాడు దాటాక రోడ్డు పక్కన ఒక ఆడ ఏనుగు, దాని పొట్ట కింద పిల్ల. వెనక కార్లవాళ్లు దిగి ఫోన్లు తీశారు. నాయన అద్దం దించి, అరవం రాకపోయినా చేతులతోనే వాళ్లను కార్లలోకి పంపించాడు. నేను ఇంజను ఆపాను. ఆ రెండూ రోడ్డు దాటి వెదురు పొదల్లోకి పోయేదాకా ఎవరం మాట్లాడలేదు. "పోనీ, ఇంక పోనీ" అన్నాడు నాయన.