భువనేశ్వర్ కళింగ స్టేడియం చూసొచ్చాం, మన సిక్కోలుకీ (శ్రీకాకుళం) ఇలాంటి ప్లాన్ కావాలి

ఆమదాలవలసలో పొద్దున్నే రైలెక్కితే అదే రోజు భువనేశ్వర్‌లో దిగిపోవచ్చు. ఇంత దగ్గర్లో ఇలాంటి స్టేడియం ఉంటే మనవాళ్లు పిల్లల్ని ఎందుకు తీసుకెళ్లరో నాకు అర్థం కాదు. మా అమ్మాయి 400 మీటర్లు పరిగెడుతుంది, ప్రాక్టీసంతా మట్టి గ్రౌండ్‌లోనే. అక్కడి సింథటిక్ ట్రాక్ దగ్గర నుంచి దాన్ని కదిలించడం మా వల్ల కాలేదు.

మాతో వచ్చిన పీఈటీ మాస్టారు మాత్రం "ట్రాక్ ఎవరైనా వేస్తారండీ, దాన్ని రోజూ నడిపించడం చూడండి" అన్నారు. నిజమే. 2017 ఆసియా అథ్లెటిక్స్ పోటీలు రాంచీ చేయలేనంటే ఒడిశా ఒప్పుకుని 90 రోజుల్లో ఈ స్టేడియాన్ని సిద్ధం చేసింది, తర్వాత 2018 హాకీ ప్రపంచకప్ ఇక్కడే జరిగింది, 2023 ప్రపంచకప్‌ రూర్కెలాతో పాటు ఇక్కడా జరిగింది. పోటీలు అయిపోయాక తాళం వేయలేదు, అదీ నాకు నచ్చింది. ప్రభుత్వం స్థలం, కట్టడాలు ఇచ్చి ఒక్కో ఆటకి కోచింగ్ బాధ్యతను ఒక్కో సంస్థతో పంచుకుంది. అథ్లెటిక్స్‌కి రిలయన్స్ ఫౌండేషన్, షూటింగ్‌కి ఒలింపిక్ పతకం గెలిచిన షూటర్ గగన్ నారంగ్ వాళ్లు, అలా. 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా స్వర్ణం గెలిచిన మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ ఇక్కడి రిలయన్స్ ఫౌండేషన్ కోచింగ్ సెంటర్‌లోనే తయారైంది. ఆ మాట చెప్పగానే మా అమ్మాయి ముఖం చూడాలి!

మన వైపు స్టేడియం అనగానే గ్యాలరీలో ఎన్ని వేలమంది పడతారన్న దగ్గరే చర్చ మొదలవుతుంది. కట్టడానికి ఖేలో ఇండియా అనే క్రీడా పథకం కింద కేంద్రాన్ని అడగొచ్చు, కానీ కోచ్ జీతం, హాస్టల్ భోజనం, కరెంటు బిల్లు, కొన్నేళ్లకి ట్రాక్ మళ్లీ వేయించడం, వీటికి ప్రతి ఏడాదీ డబ్బు ఎక్కడిదో మొదటి రోజే రాసుకోకపోతే రిబ్బన్ కత్తిరించాక గడ్డే మొలుస్తుంది. గ్యాలరీ తర్వాతైనా కట్టుకోవచ్చు, ముందు ట్రాకూ హాస్టలూ జిమ్మూ. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిది మన ఊసవానిపేట, విజయనగరం పక్క కొండవెలగాడలో ఇంటింటా వెయిట్‌లిఫ్టర్లే అంటారు. పిల్లలకి లోటు లేదండీ ఇక్కడ.

నా రేటింగ్ 5కి 5. ఎండాకాలం వద్దు, వేడి ఎక్కువ. లోపలి కోచింగ్ సెంటర్లు చూడాలంటే స్కూల్ తరఫున ముందే ఉత్తరం రాసి అనుమతి అడగండి, పీఈటీ మాస్టారిని తప్పకుండా వెంటబెట్టుకోండి.