బెలూన్ రైడ్ 'గ్యారంటీ' అన్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

జనవరి లాంగ్ వీకెండ్‌కి అమెరికాలో యూటా రాష్ట్రం వైపు వేడిగాలి బెలూన్ల ట్రిప్ అనుకుంటున్నవాళ్ళు ఐదు నిమిషాలు ఆగండి. మేం ఆగలేదు. 1,480 డాలర్లు కట్టాం, బెలూన్ మాత్రం ఎక్కలేదు.

మేం ఉండేది ఫీనిక్స్‌లో. సంక్రాంతి, మార్టిన్ లూథర్ కింగ్ సెలవు దగ్గరదగ్గరగా వచ్చాయి, తెనాలి నుంచి అత్తయ్యగారు వచ్చి ఉన్నారు. యూటాలోని బ్లఫ్ అనే చిన్న ఊళ్ళో ఏటా జనవరిలో బెలూన్ ఫెస్టివల్ జరుగుతుంది. ఎర్రరాతి కొండల పక్కన బెలూన్లు లేస్తుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. తెలిసినవాళ్ళ ద్వారా దొరికిన ఒక ఏజెంటు వాట్సాప్‌లో ప్యాకేజీ పంపాడు: మూడు రాత్రుల బస, ఆల్ వీల్ డ్రైవ్ కారు, యాంటిలోప్ కాన్యన్ టూర్, పార్కు పాసులు, పైన 'బెలూన్ రైడ్ గ్యారంటీ'. ఆ మాట దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. బెలూన్‌కి స్టీరింగ్ ఉండదు, ఎటు పోవాలో గాలే చెబుతుంది. అందుకే పొద్దున్నే గాలి నెమ్మదిగా ఉన్న కాసేపట్లోనే ఎగరేస్తారు. నేల మీద గంటకు పది మైళ్ళు దాటితే మామూలుగా సర్దేసుకుంటారు. దానికి గ్యారంటీ ఇవ్వడానికి ఈయనెవరు?

శనివారం తెల్లవారకముందే, ఎముకలు కొరికే చలిలో పిల్లల్ని లేపుకుని వాళ్ళు చెప్పిన చోటికి వెళ్తే అదొక గ్యాస్ స్టేషన్. మనిషి లేడు. ఫోన్ ఎత్తడు. ఎనిమిదికల్లా ఊరి అవతల బెలూన్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. అక్కడికి పరుగెత్తి ఒక పైలట్‌కి మా వోచర్ చూపించాం. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్లో పైలట్ పేరు లేదు, కంపెనీ పేరు లేదు, నేనైతే టికెట్లు అమ్మను" అన్నాడు. పాపం మంచివాడు, మావాడి చేత బెలూన్ గుడ్డ పట్టించాడు. వాడికి ట్రిప్ మొత్తంలో గుర్తున్నది అదే.

సాయంత్రం ఏజెంటు ఫోన్ ఎత్తి "రేపు పక్కా" అన్నాడు. ఆదివారం గాలి లేచింది, ఎవరూ ఎగరలేదు. అత్తయ్యగారు శాలువా కప్పుకుని, "మన గాలిపటాలకేమో గాలి లేకపోతే ఏడుపు, వీళ్ళకి గాలి ఉంటే ఏడుపా, బాబూ?" అన్నారు. మధ్యాహ్నానికి మెసేజ్ వచ్చింది: వాతావరణం వల్ల రద్దు, రిఫండ్ లేదు, వచ్చే ఏడాదికి క్రెడిట్. గాలి వల్ల రద్దయితే నాకు గొడవే లేదు. కానీ శనివారం అందరూ ఎగిరారు కదా! మాకు అసలు బుకింగే లేదు, ఆదివారం గాలి ఆయన్ని కాపాడింది.

కారు సంగతి. ఇచ్చింది మామూలు సెడాన్. అద్దె ఒప్పందంలో మట్టిరోడ్లు ఎక్కకూడదని ఉంది. ఆయన ప్లాన్‌లోనేమో వేలీ ఆఫ్ ది గాడ్స్ 17 మైళ్ళ మట్టిరోడ్డు, మోకీ డగ్‌వే! 1950లలో యురేనియం లారీల కోసం కొండ అంచున చెక్కిన కంకర ఘాట్ అది, మూడు మైళ్ళలో వెయ్యి అడుగులకు పైగా ఎక్కుతుంది. మంచు కరిగి బంకమట్టి బురదైన రోజున మేం మలుపు దగ్గరే వెనక్కి తిరిగాం.

పార్కు పాసులంటే ఫెడరల్ పాస్ (అమెరికా ప్రభుత్వ పార్కులకు చెల్లేది) ఒకటి చేతిలో పెట్టాడు. మాన్యుమెంట్ వేలీ నవాహోల (అక్కడి ఆదివాసీ తెగ) సొంత పార్కు, అక్కడ అది చెల్లదు, గేటు దగ్గర మళ్ళీ కట్టాం. యాంటిలోప్ టూర్ ఒక్కటే నిజం. నవాహో గైడ్ బాగా చూపించింది, దాని టికెట్ మీరే నేరుగా కొనుక్కోవచ్చు.

బెలూన్ ఎక్కాలంటే ఎగరేసే కంపెనీతోనే మాట్లాడండి. పైలట్‌కి ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన శాఖ) కమర్షియల్ సర్టిఫికెట్ ఉందా, ఆరోగ్య పరీక్ష పాసైన మెడికల్ సర్టిఫికెట్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. 2016లో టెక్సస్‌లోని లాక్‌హార్ట్ దగ్గర బెలూన్ కూలి 16 మంది పోయాకే ఆ మెడికల్ రూలు వచ్చింది. గాలి వల్ల రద్దయితే డబ్బు వెనక్కిస్తారా, రాతలో తీసుకోండి. చూడ్డమే చాలనుకుంటే ఊళ్ళో నిలబడి తలెత్తండి, ఏజెంటు అక్కర్లేదు.

జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి)లో పంపిన 780 డాలర్లు పోయినట్టే. కార్డు మీద కట్టిన 700 వెనక్కి ఇప్పించమని బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను. వాళ్ళు రుజువు అడిగారు. శనివారం ఎగిరిన బెలూన్ల ఫొటోలు టైముతో సహా పంపాను. మొదటి ఫొటోలో గుడ్డ పట్టుకుని మావాడు నవ్వుతున్నాడు.